కాటా ఎవరి చేతిలో

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక చక్కెర గిన్నె ఉంది. నీలిరంగు గాజు, దాని మీద బంగారు పూత అక్షరాలు. 1820ల నాటిది. లోపలున్నది ఈస్టిండియా చక్కెర అనీ, బానిసలు చేసింది కాదనీ ఆ అక్షరాలు చెబుతాయి. టీకి వచ్చిన చుట్టాలు చెంచాతో చక్కెర తీసుకునేటప్పుడు ఆ మాట కంట పడాలన్నది ఇంటివాళ్ల ఉద్దేశం. ఇవాళ కాఫీ పొట్లాల మీద, చాక్లెట్ల మీద, నూలు చొక్కాల మీద కనిపించే ‘ఫెయిర్‌ట్రేడ్’ ముద్రకు ఈ గిన్నె ముత్తవ్వ వరస.

ఆ గిన్నె వెనక ముప్ఫై ఏళ్ల పోరు ఉంది. బానిసల వ్యాపారం ఆపాలని విలియం విల్బర్‌ఫోర్స్ తెచ్చిన ప్రతిపాదనను 1791 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటు 163–88 ఓట్లతో తోసిపుచ్చింది. ఓటు హక్కు లేని జనం, అందులోనూ ఆడవాళ్లు, తమ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం బయటికి తీశారు. చక్కెర మానేశారు. వెస్టిండీస్ దీవుల్లో బానిసల చేత పండించిన చక్కెర అది. వారానికి ఐదు పౌన్ల చక్కెర వాడే ఇల్లు 21 నెలల పాటు మానేస్తే ఒక మనిషిని బానిసత్వం నుంచో చావు నుంచో తప్పించినట్టేనని ఆ ఏడే విలియం ఫాక్స్ అనే ఆయన కరపత్రం వేసి మరీ లెక్క చెప్పాడు. మూడు లక్షల మంది మానేసి ఉంటారని ఉద్యమంలో ఊరూరా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా. తర్వాత కాస్త చల్లబడిన ఈ పట్టుదలను 1824లో లెస్టర్ పట్టణంలో ఎలిజబెత్ హేరిక్ మళ్లీ రాజేసింది. కిరాణా కొట్ల మెట్లెక్కి, ఆ చక్కెర తెప్పించొద్దని వర్తకుల్ని ఒప్పించే పని పెట్టుకుంది.

మరి దానికి బదులు ఏ చక్కెర? ఈస్టిండియా చక్కెర. కథ మన గడప తొక్కేది ఇక్కడే. జనం మొదటిసారి చక్కెర మానేసిన ఆ రోజుల్లోనే సామర్లకోటలో తోట వేసుకుని మొక్కల మీద పరిశోధన చేస్తున్న విలియం రాక్స్‌బర్గ్, రాజమండ్రి సర్కారు రైతులు చెరకు ఎలా పండిస్తున్నారో, బెల్లం, చక్కెర ఎలా తీస్తున్నారో వివరంగా రాసి అచ్చు వేయించాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో, ఏడాది పొడవునా నీరు పారే ఏలేరు ఒడ్డున పెరిగిన తోటల వర్ణన అది.

ఆ వ్యాసం పుణ్యాన గోదావరి జిల్లా రైతు పనితనం లండన్ దాకా తెలిసింది. ఆ రైతుకు ఎంత దక్కుతోందన్న ప్రశ్న మాత్రం టీ బల్లల దాకా పోలేదు. చేసినవాడు బానిస కాకపోతే చాలు, వాడికి గిట్టిందా లేదా అన్నది ఆ గిన్నె మీద రాసే సంగతి కాలేదు. ‘గిట్టుబాటు’ అని మన రైతులు రోజూ వాడే మాట ఒకటుంది. పెట్టుబడి పోగా, ఇంటిల్లిపాది ఒళ్లు హూనం చేసుకున్నందుకు కాస్త మిగలడం. ఫెయిర్ ట్రేడ్ చరిత్రను ఆ ఒక్క మాట పట్టుకుని చదివితే, ఎన్నో ముద్రల, సంస్థల పేర్ల మధ్య దారి తప్పకుండా ఉంటుంది.

అమెరికాలోనూ బెంజమిన్ లండీ 1826లో బాల్టిమోర్‌లో బానిసలు పండించని సరుకులే అమ్మే కొట్టు పెట్టాడు. అలాంటి దుకాణాలు కొన్ని దశాబ్దాలు నడిచి మూతపడ్డాయి. కానీ గిట్టుబాటు ప్రశ్నను తిన్నగా ఎత్తుకున్న ఉదాహరణ కావాలంటే మన దేశానికే రావాలి. 1930ల నాటికి ఖద్దరు చవగ్గా అమ్మాలన్న తాపత్రయంలో నూలు వడికే ఆడవాళ్లకు దక్కేది మరీ అణాపైసలకు దిగజారింది. రోజంతా రాట్నం ముందు కూచున్న మనిషికి కడుపు నిండేంత కూలి రావాలని గాంధీ పట్టుబట్టాడు. 1935లో అఖిల భారత చరఖా సంఘం కనీస కూలి తీర్మానం చేసింది. ఖద్దరు ధర పెరిగింది. అమ్మకాలు దెబ్బతింటాయని సంఘంలోనే గొణిగినవాళ్లున్నారు. కొనేవాడి సౌకర్యం కోసం వడికేవాళ్ల పొట్ట కొట్టడం తప్పని నిర్ణయించి, ఆ భారం ధరలోనే కలపడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. ఫెయిర్ ట్రేడ్ మీద యూరప్‌లో వచ్చిన పుస్తకాలు ఈ తీర్మానాన్ని సాధారణంగా తలచుకోవు. తలచుకోవలసింది.

ఆ పుస్తకాలు మొదలుపెట్టేది ఎడ్నా రూత్ బైలర్‌తో. మెన్నొనైట్ క్రైస్తవ సంఘానికి చెందిన ఈ అమెరికన్ గృహిణి 1946లో పోర్టో రికో వెళ్లింది. అక్కడ పేద ఆడవాళ్లు చక్కటి కుట్టుపని చేస్తున్నారు గానీ కొనేవాళ్లు లేరు. ఆమె కొన్ని కుట్టుగుడ్డలు వెంట తెచ్చుకుని ఇరుగుపొరుగుకు అమ్మింది. తర్వాత కారు డిక్కీలో మూటలు వేసుకుని ఊరూరా తిరిగింది. ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని యాక్రన్‌లో ఇంటి నేలమాళిగే కొట్టయింది. అదే పెరిగి పెద్దదై 1996లో ‘టెన్ థౌజండ్ విలేజెస్’ అన్న పేరు పెట్టుకుంది. 1949లో చర్చ్ ఆఫ్ ద బ్రెత్రెన్ వాళ్లు యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జర్మన్ కాందిశీకుల చేతి కుకూ గడియారాలు అమెరికాలో అమ్మి పెట్టారు. 1950ల చివర్లో ఆక్స్‌ఫామ్ సంస్థ చైనా నుంచి హాంకాంగ్ చేరిన శరణార్థులు కుట్టిన గుండుసూదుల దిండ్లు బ్రిటన్‌లోని తన దుకాణాల్లో పెట్టింది.

వీళ్ల మంచితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయినా ఈ దశలో ధర పలికింది కొనేవాళ్ల జాలిని బట్టి. జాలి కరిగితే బేరమూ కరుగుతుంది. చర్చి బల్ల మీద ఒకసారి కొన్న గుండుసూదుల దిండు రెండోసారి ఎందుకు కొంటారు?

ధర జాలిని బట్టి కాక దేన్ని బట్టి ఉండాలన్న లెక్కను బల్ల మీదికి తెచ్చింది అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్. పేద దేశాలు అమ్మే ముడిసరుకుల ధరలు, అవి కొనుక్కునే యంత్రాల ధరలతో పోలిస్తే కాలక్రమాన పడిపోతూ వస్తున్నాయని ఆయన వాదన. ఒక ట్రాక్టరు కొనడానికి నిన్న సరిపోయినన్ని కాఫీ బస్తాలు ఇవాళ సరిపోవు. కాబట్టి విరాళాలు కాదు, వ్యాపారపు నిబంధనలే మారాలి. ఆయన నడిపిన ఐక్యరాజ్య సమితి వాణిజ్యాభివృద్ధి సదస్సు మొదటిసారి 1964లో జెనీవాలో, రెండోసారి 1968లో న్యూఢిల్లీలో జరిగింది. సాయం వద్దు, వ్యాపారం కావాలన్న నినాదం ఢిల్లీలో మార్మోగింది. ప్రభుత్వాలు విని ఊరుకున్నాయి. విని ఊరుకోలేకపోయింది నెదర్లాండ్స్‌లోని కుర్రకారు.

యూరప్ దేశాలు తమ బీట్ దుంపల చక్కెరకు రాయితీలిచ్చి, బయటి చెరకు చక్కెరను సుంకాలతో అడ్డుకుంటున్నాయి. డచ్చి యువకులు పట్టుబట్టి చెరకు చక్కెర తెప్పించి, పొట్లాల మీద ఈ అన్యాయాన్ని వివరిస్తూ అమ్మారు. నూటయాభై ఏళ్ల తర్వాత చక్కెరే మళ్లీ పోరుకు సాధనమైంది. 1969లో బ్రూకెలెన్ అనే చిన్న పట్టణంలో మొదటి ‘ప్రపంచ దుకాణం’ తెరిచారు. రెండేళ్లలో అలాంటివి వంద దాటాయి. నడిపేవాళ్లందరూ జీతం లేని కార్యకర్తలే. 1973లో గ్వాటెమాలా సహకార సంఘాల కాఫీ ఈ దుకాణాలకు చేరింది. బొమ్మలు, బుట్టలు కాక, జనం రోజూ తాగే సరుకు రావడంతో ఉద్యమం నడక మారింది. ఇల్లు అలంకరించుకునే బుట్ట పదేళ్లు ఉంటుంది, కాఫీ పొట్లం వారానికి అయిపోతుంది. 1985లో అమెరికా నికరాగువా సరుకుల మీద నిషేధం పెడితే, మరుసటి ఏడు మసాచుసెట్స్‌లో మొదలైన ఈక్వల్ ఎక్స్‌ఛేంజ్ సంస్థ నికరాగువా కాఫీని నెదర్లాండ్స్‌లో వేయించి, డచ్చి సరుకుగా అమెరికాకు తెచ్చింది.

ఇక మెక్సికో కొండల కథ. తక్కినవన్నీ పొట్టిగా చెప్పినా ఇది తీరిగ్గా చెప్పాలి.

ఒహాకా రాష్ట్రం, తెహువాంతెపెక్ భూసంధి దాపున కొండలు. జపొటెక్, మీహే ఆదివాసుల ఊళ్లు. ఒక్కో కుటుంబానికి రెండు మూడు హెక్టార్ల కాఫీ తోట. పళ్లు కోసి, తొక్కు ఒలిచి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టాక గింజను గాడిదల మీద వేసి కిందికి దింపాలి. దారిలో కాచుకుని ఉండేవాడు దళారి. ఆ ప్రాంతంలో అతన్ని ‘కొయోటే’ అంటారు. నక్కలాంటి ఒక జంతువు పేరది. ధర చెప్పేది అతనే, కాటా వేసేది అతనే, పంటకు ముందు అప్పు ఇచ్చేదీ అతనే. మన మార్కెట్ యార్డుల్లో తరుగు పేరుతో కిలోలకు కిలోలు కోసిన రోజులు తెలిసినవాళ్లకు ఈ కొండల్ని వేరే వర్ణించనక్కర్లేదు.

1980 ప్రాంతంలో ఇక్కడికి ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్చి మతగురువు వచ్చాడు. చిలీలో పనిచేస్తూ 1973లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక మెక్సికో చేరినవాడు. బోధకుడిగా కాక, కాఫీ కోస్తూ రైతుల మధ్యనే బతికాడు. రైతులు కూర్చుని లెక్క వేసుకున్నారు. కిలో కాఫీకి తమకు అయ్యే ఖర్చెంత, కొయోటే ఇస్తున్నదెంత? చాలా ఏళ్లుగా నష్టానికే అమ్ముతున్నామని తేలింది. ఆ లెక్కలోంచి 1983లో ‘ఉసిరి’ పుట్టింది. స్పానిష్‌లో ఆ ప్రాంత ఆదివాసీ సముదాయాల ఐక్య సంఘం అన్న మాటల పొడి అక్షరాలవి. మన ఉసిరికాయతో చుట్టరికం లేకపోయినా తెలుగు చెవికి ఇట్టే అతుక్కునే పేరు.

ఉసిరి వాళ్లు ముందు సొంత కాటా పెట్టుకున్నారు. తర్వాత సొంత గోదాము, సరుకు దింపే లారీలు, ఊళ్ల మధ్య తిరిగే బస్సు, సామాన్ల కొట్టు, రైతు పిల్లలకు వ్యవసాయ బడి. ఇదంతా తేలిగ్గా జరగలేదు. దళారుల వెనక తుపాకులున్నాయి. తొలి ఏళ్లలో సంఘం సభ్యులు కొందరు హత్యకు గురయ్యారు. సూపర్ మార్కెట్ అరమీద ముచ్చటగా కనిపించే ముద్ర పుట్టుకలో ఈ చావులున్నాయని పొట్లం మీద ఎక్కడా రాసి ఉండదు.

యూరప్ ప్రపంచ దుకాణాలు ఉసిరి కాఫీ కొన్నాయి, కానీ కొద్దిగానే. మిగతాదంతా మళ్లీ మామూలు బజారుకే. వాన్ డెర్ హోఫ్ ద్వారా రైతులు ఒక మాట గట్టిగా చెప్పారు: మాకు దానం వద్దు, మా కాఫీకి తగిన ధర కట్టి కొనండి, ఎక్కువ కొనండి. ఆ మాట అందుకున్నవాడు సొలిడారిడాడ్ సంస్థలో పనిచేసే నికో రోజెన్. చిన్న కొట్లకు వచ్చే మంచివాళ్లతో పని కాదు, నలుగురూ సరుకులు కొనుక్కునే చోటే ఈ కాఫీ ఉండాలి. అందుకని కొత్త బ్రాండు పెట్టడం మానుకుని ఒక ముద్ర తయారు చేశారు. నిబంధనలు పాటించే ఏ కాఫీ కంపెనీ అయినా దాన్ని తన పొట్లం మీద వేసుకోవచ్చు. సరుకును కాక, షరతులను అమ్మడం అన్నమాట. 1988 నవంబరు 15న మొదటి పొట్లం నెదర్లాండ్స్ ప్రిన్స్ క్లౌస్ చేతికిచ్చారు.

ముద్ర పేరు ‘మాక్స్ హావెలార్’. డచ్చివాళ్లకు ఆ పేరు చెబితే చాలు. జావాలో డచ్చి ప్రభుత్వం 1830 నుంచి రైతుల చేత వాళ్ల పొలంలో ఐదో వంతు దాకా కాఫీ, చెరకు, నీలిమందు నిర్బంధంగా వేయించింది. అక్కడి లెబాక్‌లో అధికారిగా ఉన్న ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్ ఈ దోపిడీ మీద ఫిర్యాదు చేసి, ఎవరూ వినకపోతే 1856లో రాజీనామా చేశాడు. ముల్తాతులి అన్న కలంపేరుతో 1860లో నవల రాశాడు. ఆ నవలకూ, అందులో రైతుల పక్షాన నిలబడిన అధికారికీ పేరు మాక్స్ హావెలార్. తమ దేశం చేసిన పాపం పేరునే తమ కాఫీ పొట్లానికి పెట్టుకున్నారు.

షరతులు చిన్నవే. కాఫీ చిన్న రైతుల సంఘం నుంచే కొనాలి. బజారు ఎంత పడినా ఒక నిర్ణీత ధరకు తగ్గకూడదు, బజారు అంతకన్నా పైకి పోతే బజారు ధరే ఇవ్వాలి. దాని మీద ఊరి పనుల కోసం కొంత ‘ప్రీమియం’ కట్టాలి, అది ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులే ఓటేసి తేల్చుకుంటారు. సంఘం అడిగితే ఒప్పంద విలువలో 60 శాతం దాకా ముందే ఇవ్వాలి. ఈ చివరి షరతు చూడటానికి సాదాగా ఉన్నా కీలకం అదే. కొయోటే బలమంతా అప్పులోనే ఉంది మరి.

ఏడాది తిరగకముందే ఈ ఏర్పాటుకు అగ్నిపరీక్ష వచ్చింది. 1962 నుంచి ఉన్న అంతర్జాతీయ కాఫీ ఒప్పందం ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు కట్టి ధరలు నిలబెట్టేది. 1989 జులైలో ఆ కోటాలు కుప్పకూలాయి. నిల్వలన్నీ ఒక్కసారి బజారున పడి ధర సగానికి సగం పడిపోయింది. ఒక దశాబ్దం దాటాక పరిస్థితి ఇంకా దిగజారింది. 2001 చివర్లో పౌను కాఫీ న్యూయార్క్ బజారులో 45 సెంట్ల దాపుకు జారింది. మెక్సికో, గ్వాటెమాలా కొండల్లో కాయలు చెట్లకే వదిలేసి జనం వలసపోయారు. అదే సమయంలో ఫెయిర్‌ట్రేడ్ సంఘాలకు ప్రీమియంతో కలిపి పౌనుకు ఒక డాలరు 26 సెంట్లు ముట్టింది. ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే మోసం అవుతుంది. ఆ ధర ముట్టేది సంఘానికి, రేవులో. అందులోంచి శుద్ధి, రవాణా, సంఘం ఖర్చులు పోగా రైతుకు వస్తుంది. పైగా చాలా సంఘాలు పంటలో కొంత భాగమే ఆ ధరకు అమ్ముకోగలిగాయి, తక్కింది 45 సెంట్ల బజారుకే పోయింది. అయినా మునిగిపోయేవాడికి ఆ కొంత భాగమే ఒడ్డు.

ఉసిరి రైతుల సొంత కాటా మాట ఇందాక వచ్చింది కనుక ఘనా వెళ్లాలి. అక్కడ అప్పట్లో కోకో గింజలు కొనేది ప్రభుత్వ బోర్డు తరఫు గుమాస్తాలు. తూకంలో వాళ్ల చేతివాటం ఊరూరా తెలిసిందే. 1990ల మొదట్లో ప్రైవేటువాళ్లూ కొనొచ్చని ప్రభుత్వం అనుమతిస్తే, కోకో బోర్డులో రైతుల ప్రతినిధిగా ఉన్న నానా ఫ్రింపాంగ్ అబ్రెబ్రెసె, కొందరు రైతులు కలిసి 1993లో ‘కువాపా కోకూ’ పెట్టారు. అంటే మంచి కోకో రైతు అని. ఆ సంఘం పెట్టుకున్న నియమాల్లో మొదటిది తూకం గురించే. ప్రతి ఊరి సభ్యులూ తమలోంచి ఒకరిని ఎన్నుకుంటారు. కాటా వేసేదీ, పద్దు రాసేదీ ఆ మనిషే. తప్పుడు తూకం వేస్తే వచ్చే ఎన్నికల్లో ఆ మనిషి ఉండడు. పా పా పా అన్నది వాళ్ల నినాదం, మేలులోకెల్లా మేలు అని అర్థం.

ఈ రైతులు అక్కడితో ఆగలేదు. చాక్లెట్ లాభమంతా గింజలో కాదు, రేపరు చుట్టిన తర్వాతే ఉందని గ్రహించి, 1998లో లండన్‌లో పుట్టిన చాక్లెట్ కంపెనీలో మూడో వంతు వాటాదార్లయ్యారు. ‘డివైన్’ చాక్లెట్ ఆ కంపెనీదే. 2006లో బాడీ షాప్ తన వాటా రైతులకే ఇచ్చేయడంతో అది 45 శాతానికి పెరిగింది. చాక్లెట్ ఎన్నడూ రుచి చూడకుండా కోకో పండించేవాళ్లు లక్షల్లో ఉన్న చోట, రైతు సంఘం ప్రతినిధులు లండన్ వెళ్లి డైరెక్టర్ల కుర్చీల్లో కూర్చున్నారు. ఫెయిర్ ట్రేడ్ చరిత్రలో ముద్ర పుట్టడం కన్నా ఇదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

ముద్ర మాత్రం శరవేగంగా పాకింది. బ్రిటన్‌లో 1994లో మొదట దాన్ని ధరించింది బెలీజ్ దేశపు కోకోతో చేసిన ‘మాయా గోల్డ్’ చాక్లెట్. ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో వెలిసిన ముద్రలన్నీ 1997లో బాన్ నగరం కేంద్రంగా ఒక గొడుగు కిందికి చేరాయి, 2002లో ఉమ్మడి గుర్తు వచ్చింది. 2000లో లాంకషైర్‌లోని గార్‌స్టాంగ్ అనే చిన్న ఊరు తనను తాను ప్రపంచంలోనే మొదటి ఫెయిర్‌ట్రేడ్ పట్టణంగా ప్రకటించుకుంది. బ్రూస్ క్రౌథర్ అనే పశువైద్యుడు, ఆయన మిత్రులు బడులను, చర్చిలను, కొట్లను ఒక్కొక్కటిగా ఒప్పించారు. చుట్టుపక్కల పాడి రైతులకూ పాల ధర గిట్టని రోజులవి. వాళ్ల గోడును ఘనా రైతు గోడుతో కలిపి చెప్పడం వల్లే ఊరు కదిలింది. తర్వాత అలాంటి పట్టణాలు వందల్లో వెలిశాయి.

కాఫీ, కోకోలకు ముద్ర ఉంది. మరి బుట్టలు అల్లేవాళ్లకు, నేసేవాళ్లకు? ఒక్కో చేతిపనికి ప్రపంచమంతటికీ ఒకే కనీస ధర కట్టడం కుదరదు. అందుకే ఈ రంగంలో సరుకుకు కాక సంస్థకు గుర్తింపు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ గుర్తును 2004 జనవరిలో ముంబయిలో జరిగిన వరల్డ్ సోషల్ ఫోరం వేదిక మీద విడుదల చేశారు. ముంబయికి ఆ గౌరవం ఊరికే రాలేదు. ఢిల్లీలో తారా ప్రాజెక్ట్స్, ముంబయిలో ఆశా హ్యాండిక్రాఫ్ట్స్, కోల్‌కతాలో సాషా లాంటి సంస్థలు 1970ల నుంచే ఈ పనిలో ఉన్నాయి.

తెలుగు నేల మీద దీని జాడ ఆదిలాబాద్ నల్లరేగళ్లలో కనిపిస్తుంది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు డబ్బాలే దిక్కనుకుని ప్రాణాలు తీసుకోవడం రాష్ట్రాన్ని కుదిపేసింది. అప్పు ఇచ్చేదీ, విత్తనం, మందు అమ్మేదీ, పత్తి కొనేదీ ఒకే దుకాణం కావడం ఆ విషాదంలో పెద్ద పాయ. 2004లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ‘చేతన ఆర్గానిక్’ ఆదిలాబాద్‌లోనూ, విదర్భ, ఒడిశాల్లోనూ వానాధారపు పత్తి రైతుల్ని సంఘాలుగా కూర్చింది. అప్పటికే పత్తికి ఫెయిర్‌ట్రేడ్ నిబంధనలు తయారవుతున్నాయి. 2005లో ఆ ముద్ర ఉన్న బట్టలు బ్రిటన్ దుకాణాలకు చేరాయి. ఆదివాసీ రైతు పండించిన దూది ఏ దేశపు చొక్కా అయిందో వెనక్కి జాడ పట్టగలగడం ఆ జిల్లాకు కొత్త.

చిక్కు విత్తనం దగ్గర వచ్చింది. ఈ ముద్రకు జన్యుమార్పిడి విత్తనం పనికిరాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కొన్నేళ్లకే చేలన్నీ ఆక్రమించింది. బీటీ కాని విత్తనం కొట్లో దొరకడమే గగనమైంది. చేతన రైతులు పాత రకాలు వెతికి, తామే విత్తనం కట్టుకోవలసి వచ్చింది. ధర సంగతి తేల్చుకుందామని బయల్దేరిన సంఘం విత్తనం దాకా వెనక్కి నడిచింది.

నిజానికి ముద్ర, గుర్తు లేకుండా ఇదే పని విశాఖ మన్యంలో 1956 నుంచే మొదలైంది. ఏజెన్సీ సంతల్లో ఉప్పు, కిరోసిన్ అప్పిచ్చి, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు తమ తూకంతో తమ ధరకు ఎత్తుకుపోయే షావుకార్లకు అడ్డుకట్ట వేయడానికి ప్రభుత్వం గిరిజన సహకార సంస్థను పెట్టింది. ఒక చేత్తో అటవీ ఫలసాయం కొనడం, రెండో చేత్తో డిపోల్లో నిత్యావసరాలు అమ్మడం దాని పని. 1979 నాటి నిబంధనతో చిల్లర అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కు దానికే దక్కింది. ఆలస్యపు చెల్లింపులు, తక్కువ ధరల మీద గిరిజనుల ఫిర్యాదులు ఎప్పుడూ ఉన్నవే. అయినా కొనేదానితో పాటు అమ్మేదీ ఒకే సంస్థ చేతిలో ఉంటేనే షావుకారు అప్పు పట్టు సడలుతుందన్న ఎరుక ఆ ఏర్పాటులో ఉంది. అదే ఎరుక మరో పాతికేళ్లకు ఉసిరి రైతులకు సొంతంగా కలిగింది.

పెరిగిన కొద్దీ కలతలూ పెరిగాయి. 2005లో నెస్లే బ్రిటన్‌లో ఒక ఫెయిర్‌ట్రేడ్ కాఫీ తెచ్చినప్పుడు పాత కార్యకర్తల మనసు విరిగింది. ఏళ్ల తరబడి ఎవరి మీద పోరాడారో ఆ కంపెనీయే అదే ముద్ర తగిలించుకుంది. 2009లో క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ ఈ ముద్ర వేసుకుంటే రైతు సంఘాల అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి, 2016లో అదే కంపెనీ సొంత పథకానికి మారిపోయింది. 2017లో సెయిన్స్‌బరీస్ తన టీ పొడిని ముద్ర నుంచి తప్పించి ‘ఫెయిర్లీ ట్రేడెడ్’ అన్న సొంత మాట పెట్టుకుంటే, ప్రీమియం మీద నిర్ణయాధికారం తమ చేయి దాటిపోతుందని ఆఫ్రికా తేయాకు రైతులు ఎదిరించారు. వాళ్ల అభ్యంతరం డబ్బు తగ్గుతుందని కాదు. ఆ డబ్బుతో బడి కట్టాలా బావి తవ్వాలా అన్నది లండన్‌లో ఎవరో తేలుస్తారనే.

అమెరికా శాఖ 2011 చివర్లో విడిపోయింది. పెద్ద ఎస్టేట్ల కాఫీకీ ముద్ర ఇస్తేనే అక్కడి కూలీలకు మేలని దాని వాదన. ఎస్టేటుతో పోటీలో చిన్న రైతు నిలవలేడని, ముద్ర పుట్టిందే అతని కోసమని లాటిన్ అమెరికా సంఘాలు మండిపడ్డాయి. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. చిన్న రైతు తోటలోనూ కూలికి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల మాటేమిటన్న ప్రశ్న 2014లో లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ పరిశోధకులు బయటపెట్టిన నివేదికతో పదునెక్కింది. నాలుగేళ్లు ఇథియోపియా, ఉగాండాల్లో తిరిగి చూస్తే, ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న చోట కూలీల వేతనాలు మిగతా చోట్ల కన్నా తక్కువగానే ఉన్నాయని వాళ్లు తేల్చారు. ఆ లెక్కల పద్ధతి మీద వాదోపవాదాలు నడిచాయి. కానీ గిన్నె మీది ప్రశ్న కౌలు చేలోకీ, కూలి మనిషి పాకలోకీ వెళ్లక తప్పలేదు.

రైతుల జవాబు మాటల్లో కన్నా చేతల్లో వచ్చింది. లాటిన్ అమెరికా చిన్న రైతుల సంఘాలు 2006లో తమ సొంత ముద్ర ‘ఎస్పీపీ’ పెట్టుకున్నాయి. ధర కట్టేదీ, నిబంధన రాసేదీ రైతులే. ఆ కనీస ధర ఫెయిర్‌ట్రేడ్ ధర కన్నా ఎక్కువ. బాన్‌లోని మూలసంస్థ కూడా 2010ల తొలి ఏళ్లలో తన సర్వసభ్య సభలో సగం ఓట్లు ఉత్పత్తిదారులకిచ్చింది. ముద్ర పుట్టి పాతికేళ్లు గడిచాయి అప్పటికి.

కాఫీ కనీస ధర 2011 నుంచి పౌనుకు ఒక డాలరు 40 సెంట్ల దగ్గరే ఉండిపోయి, 2023 ఆగస్టులో ఒక డాలరు 80 సెంట్లకు పెరిగింది. ఆ పన్నెండేళ్లలో ఎరువుల ధరలు, కూలి రేట్లు అక్కడే ఉండిపోలేదు. తర్వాత కథ తలకిందులైంది. బ్రెజిల్ కరవుతో 2025 ఫిబ్రవరిలో అరబికా ధర న్యూయార్క్‌లో పౌనుకు నాలుగు డాలర్లు దాటి రికార్డు కొట్టింది. ధర పడినప్పుడు సంఘాన్ని కాపాడిన షరతులు ధర ఎగిసినప్పుడు ఇరకాటంలో పడ్డాయి. బ్యాంకు అప్పు, కొనుగోలుదారు ఇచ్చిన ముందస్తు పైకం మునుపటి ధరకు సరిపడేవి. అదే డబ్బుకు అప్పుడు సగం గింజలే వచ్చాయి. సంఘం కాటా దగ్గర రైతుకు కొంత ఇప్పుడు, మిగతాది ఓడ కదిలాక. కొండ మలుపులో ట్రక్కు ఆపుకుని కూర్చున్న కొయోటే దగ్గర నోట్ల కట్ట సిద్ధంగా ఉంది. గాడిద మీద రెండు బస్తాలు వేసుకుని రైతు పొద్దున్నే దిగుతాడు. మలుపు ముందు వస్తుంది, సంఘం గోదాము దాని తర్వాత.